గౌరిబిదనూరులో 575వ మెట్టు

చరిత్ర ధారావాహిక – ఎనిమిదో భాగం

గత భాగంలో ముద్దేనహళ్లి నుంచి బయలుదేరి నదులకు ఆనకట్టలు కట్టిన విశ్వేశ్వరయ్య గారి కథ చెప్పుకున్నాం. ఈ భాగంలో అదే చిక్కబళ్లాపురం సీమ నుంచి ఆకాశంలోకి చూద్దాం. అక్కడ కనిపించేది చాలా చిన్న వస్తువు, ఒక కార్బన్ పరమాణువు. దాన్ని గుర్తించడానికి మాత్రం కిలోమీటరుకు పైగా పరుచుకున్న యాంటెనాల పొలం కావలసి వచ్చింది.

పీయూసీ రసాయనశాస్త్ర పుస్తకంలో ప్రధాన క్వాంటం సంఖ్య 1తో మొదలై 7తో ఆగుతుంది. ఇప్పటిదాకా తెలిసిన 118 మూలకాల్లో, మామూలు స్థితిలో ఉన్న ఏ ఎలక్ట్రానుకూ ఏడో కర్పరం దాటి పోవలసిన అవసరం రాలేదు. బాగేపల్లి, చింతామణి కాలేజీల్లో పిల్లలు ఆ ఏడింటి వరకే బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. అయితే వాళ్ల జిల్లాలోనే ఉన్న గౌరిబిదనూరు రేడియో టెలిస్కోపుతో నిమిషా కాంతారియా, కె. ఆర్. అనంతరామయ్య చేసిన పరిశీలనలు 2001లో అచ్చయ్యాయి. వాళ్లు పట్టుకున్న కార్బన్ పరమాణువుల్లో బయటి ఎలక్ట్రాను ప్రధాన క్వాంటం సంఖ్య 575.

ఏడుకూ 575కూ మధ్య ఉన్న దూరం ఎలా దాటామన్నదే ఈ భాగం కథ.

ఈ సీమలో భౌతికశాస్త్రం

చిక్కబళ్లాపురం 2007లో విడి జిల్లా అయింది. అంతకు ముందు ఈ తాలూకాలన్నీ కోలారు జిల్లాలోవే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీకి వెళ్తే ఇంగ్లీషు. ఇక్కడి చాలామంది పిల్లలకు విజ్ఞానం మూడో భాషలో అందింది.

ఆ ఇబ్బంది తెలిసిన మనిషి హెచ్. నరసింహయ్య. 1920లో గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పేద ఇంట పుట్టారు. బెంగళూరులో చదువుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. నేషనల్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించారు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణుకేంద్ర భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి తిరిగొచ్చారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం ప్రారంభించారు. తరవాత బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు. గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు వెలిశాయంటే ఆయన చలవే. పల్లె పిల్లవాడికి పట్నం పిల్లవాడితో సమానంగా ప్రయోగశాల అందాలని పట్టుబట్టిన మనిషి ఆయన.

ఆయన పుట్టిన తాలూకాలోనే 1976 నుంచి మరో పని మొదలైంది. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి గౌరిబిదనూరు దగ్గర 34.5 మెగాహెర్ట్జ్‌కు సరిపడే టెలిస్కోపు కట్టాయి. ఆ పనిలో ముందు నిలిచిన శాస్త్రవేత్తల్లో సీహెచ్. వి. శాస్త్రి ఒకరు. ఇందులో అద్దం లేదు, గుండ్రటి గిన్నె లేదు. తూర్పు పడమరలుగా సుమారు 1.4 కిలోమీటర్లు, దక్షిణంగా 0.45 కిలోమీటరు, ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో నాటిన వెయ్యి డైపోల్ యాంటెనాలు ఉన్నాయి. ఇవి అందుకునే తరంగం పొడవు 8.7 మీటర్లు.

అంత పొడవైన తరంగాన్ని ఒక పరమాణువు ఎలా పుట్టిస్తుంది? దీనికి జవాబు కోసం 1913కు వెళ్లాలి.

పన్నెండు గీతలు, ముప్పై మూడు గీతలు

హైడ్రోజన్ వాయువును గాజుగొట్టంలో వెలిగించి పట్టకంలోంచి చూస్తే విడివిడి రంగు గీతలు కనిపిస్తాయి. 1885లో స్విట్జర్లాండ్ బడిపంతులు బామర్ ఆ గీతల తరంగదైర్ఘ్యాలన్నీ ఒకే చిన్న సూత్రంలో ఒదుగుతాయని చూపాడు. ఎందుకు ఒదుగుతాయో 1913లో నీల్స్ బోర్ చెప్పాడు. ఎలక్ట్రాను కేంద్రకం చుట్టూ ఎక్కడపడితే అక్కడ ఉండలేదు. 1, 2, 3 అంటూ లెక్కకు వచ్చే మెట్ల మీదే ఉంటుంది. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ తేడా శక్తిని కాంతిగా వదులుతుంది. ఆ మెట్టు సంఖ్యే నేటి ప్రధాన క్వాంటం సంఖ్య.

బోర్ వ్యాసంలోనే గౌరిబిదనూరు కథకు బీజం ఉంది. గాజుగొట్టాల్లో బామర్ శ్రేణి గీతలు పన్నెండే కనిపించాయి. ఆకాశంలోని జ్యోతుల్లో మాత్రం ముప్పై మూడు కనిపించాయి. ఈ తేడాకు బోర్ సూటిగా కారణం చెప్పాడు. మెట్టు సంఖ్య పెరిగితే పరమాణువు దాని వర్గం చొప్పున ఉబ్బుతుంది. 33వ మెట్టు మీది హైడ్రోజన్ వ్యాసం సెంటీమీటరులో లక్షవ వంతుకు చేరుతుంది. కిక్కిరిసిన గొట్టంలో అంత పెద్ద పరమాణువుకు చోటుండదు, పక్కవాటి తాకిడికి చెదిరిపోతుంది. నక్షత్రాల దగ్గరి పలుచని వాయువులో చోటు కావలసినంత ఉంటుంది.

అదే లెక్కను 575వ మెట్టుకు వేయండి. 575 వర్గం 3,30,625. పరమాణువు వ్యాసం సుమారు 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు ముప్పయ్యో వంతు. సన్నని తలవెంట్రుక మందంతో పోల్చదగ్గ ఒకే ఒక్క పరమాణువు! 576 నుంచి 575కు దిగే ఎలక్ట్రాను వదిలే తరంగం పౌనఃపున్యం 34.52 మెగాహెర్ట్జ్. గౌరిబిదనూరు యాంటెనాలు ట్యూన్ అయిన చోటు సరిగ్గా అదే.

మిగిలిన మూడు సంఖ్యలు

బోర్ మెట్లు హైడ్రోజన్‌కు చాలాయి కానీ మిగతా మూలకాలకు చాలలేదు. శక్తివంతమైన పరికరాలతో చూస్తే ఒక్కో గీత అనేక సన్నని గీతలుగా విడిపోయింది. అయస్కాంతం పెడితే ఇంకా విడిపోయింది. అయస్కాంతం వల్ల గీతలు చీలడాన్ని 1896లోనే జీమన్ చూశాడు. 1915, 1916 సంవత్సరాల్లో మ్యూనిక్‌లో సోమర్‌ఫెల్డ్ రెండో సంఖ్యను, తరవాత మూడో సంఖ్యను చేర్చాడు. రెండోది కక్ష్య ఆకారాన్ని చెబుతుంది, మూడోది దాని దిశను. ఈనాడు వాటిని ఎజిముతల్ క్వాంటం సంఖ్య, అయస్కాంత క్వాంటం సంఖ్య అంటున్నాం. 1926లో ష్రోడింగర్ తరంగ సమీకరణం రాసినప్పుడు ఈ సంఖ్యలు ఎవరూ చేర్చకుండానే గణితంలోంచి పుట్టుకొచ్చాయి.

నాలుగో సంఖ్య కోసం ఎక్కువ పెనుగులాట జరిగింది. 1924లో కేంబ్రిడ్జి పరిశోధక విద్యార్థి ఎడ్మండ్ స్టోనర్ ఉపకర్పరాల్లో పట్టే ఎలక్ట్రాన్ల లెక్క అయస్కాంతంలో విడిపోయే గీతల లెక్కతో సరిపోతుందని గమనించాడు. ఆ గమనింపును అందుకొని 1925 ఆరంభంలో హాంబర్గ్‌లో పౌలీ తన వర్జన నియమం రాశాడు. ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటి కాకూడదు. నాలుగోదానికి రెండే విలువలు. అవి ఎందుకు రెండో పౌలీ చెప్పలేదు. ఎలక్ట్రాను తనలో తాను తిరుగుతున్నట్టుగా కోణీయ ద్రవ్యవేగం కలిగి ఉందన్న ఆలోచన ముందుగా క్రోనిగ్ అనే యువకుడికి వచ్చింది. పౌలీ ఒప్పుకోకపోవడంతో అతను దాన్ని అచ్చు వేయలేదు. అదే ఏడు చివర్లో లైడెన్‌లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ఆ ఆలోచననే ధైర్యంగా ప్రకటించారు. స్పిన్ అలా నిలబడింది.

స్పిన్ కథలో తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1931లో సి. వి. రామన్‌తో కలిసి కలకత్తాలో కాంతి కణమైన ఫోటానుకు ఒక యూనిట్ స్పిన్ ఉందని ప్రయోగంతో చూపారు. ఎలక్ట్రాను మెట్టు దిగినప్పుడు దాని రెండో క్వాంటం సంఖ్య సాధారణంగా ఒకటి చొప్పున మారుతుంది. వెళ్లిపోయే ఫోటాను ఆ ఒక్క యూనిట్ మోసుకుపోతుంది కాబట్టే ఈ లెక్క. భగవంతం గారు తరవాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగానూ పనిచేశారు.

నిండే క్రమం

ఇప్పుడు లెక్క కూర్చుకుందాం. ప్రధాన సంఖ్య ఎంతో, ఆ కర్పరంలో అన్ని ఉపకర్పరాలుంటాయి. వాటి రెండో సంఖ్య సున్నా నుంచి, ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ దాకా నడుస్తుంది. సున్నా అయితే ఎస్, ఒకటైతే పి, రెండైతే డి, మూడైతే ఎఫ్. ఎస్‌లో ఒక ఆర్బిటాల్, పిలో మూడు, డిలో ఐదు, ఎఫ్‌లో ఏడు. ఒక్కో ఆర్బిటాల్‌లో ఎదురెదురు స్పిన్‌లతో రెండు ఎలక్ట్రాన్లకే చోటు. అందుకే 2, 6, 10, 14. ఈ లెక్కన 575వ కర్పరంలో 575 ఉపకర్పరాలు, 6,61,250 ఎలక్ట్రాన్లకు చోటు. మన కార్బన్ పరమాణువులో అంత పెద్ద కర్పరానికీ ఎలక్ట్రాను ఒక్కటే.

ఒకే ఉపకర్పరంలో ఆర్బిటాల్స్ ఖాళీగా ఉన్నంతసేపు ఎలక్ట్రాన్లు జంట కట్టవు. విడివిడిగా, ఒకే స్పిన్‌తో సర్దుకుంటాయి. ఇది హుండ్ నియమం. శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టు రైతులకు ఈ సర్దుబాటు తెలిసిందే. పండిన పురుగులను చంద్రిక మీద వేస్తే ఒక్కో పురుగు ఖాళీ సందు వెతుక్కుని విడిగా గూడు కడుతుంది, మరీ ఇరుకైతేనే రెండూ కలిసి జంటగూడు అల్లుతాయి. ఎలక్ట్రాన్ల విషయంలో కారణం వేరు. అన్నీ రుణావేశం గలవే కాబట్టి వేరువేరు ఆర్బిటాల్స్‌లో ఒకే స్పిన్‌తో ఉన్నప్పుడు ఒకదాన్నుంచి ఒకటి బాగా దూరంగా ఉండగలుగుతాయి, వికర్షణ తగ్గుతుంది. పురుగులు మూడో నాలుగో కలిసినా గూడు కట్టవచ్చు. ఒకే ఆర్బిటాల్‌లో మూడో ఎలక్ట్రానుకు మాత్రం ఎన్నటికీ చోటు లేదు.

ఏ ఉపకర్పరం ముందు నిండుతుంది? మొదటి రెండు సంఖ్యల మొత్తం తక్కువైనది ముందు నిండుతుంది. మొత్తాలు సమానమైతే ప్రధాన సంఖ్య తక్కువైనది ముందు. 1936లో మాడెలుంగ్ ఈ లెక్కను అచ్చు వేశాడు. పొటాషియం పంతొమ్మిదో ఎలక్ట్రాను 3డిని వదిలి 4ఎస్‌లో చేరడం ఇందువల్లే. 4ఎస్ మొత్తం నాలుగు, 3డి మొత్తం ఐదు. దీని వెనక ఉన్న అసలు సంగతి ఏమిటంటే, ఎస్ ఎలక్ట్రాను లోపలి ఎలక్ట్రాన్ల తెర దాటి కేంద్రకం దగ్గరిదాకా వెళ్లి వస్తుంది. డి ఎలక్ట్రాను అంత లోపలికి రాలేదు. దగ్గరికి వచ్చినదాన్ని కేంద్రకం గట్టిగా పట్టుకుంటుంది.

నియమానికి తప్పిపోయినవీ ఉన్నాయి. క్రోమియం, రాగి అందరికీ తెలిసినవే. మనకు ఇంకా దగ్గరిది కోలారు బంగారం. 79 ఎలక్ట్రాన్ల బంగారంలో లెక్క ప్రకారం 6ఎస్‌లో రెండు, 5డిలో తొమ్మిది ఉండాలి. నిజానికి 6ఎస్‌లో ఒకటే, 5డిలో నిండుగా పది. భారీ కేంద్రకం దగ్గర ఎస్ ఎలక్ట్రాన్లు కాంతివేగంతో పోల్చదగ్గ వేగంతో కదులుతాయి కాబట్టి 6ఎస్ లోపలికి ముడుచుకుంటుంది. 5డికీ దానికీ మధ్య శక్తి తేడా తగ్గి, బంగారం నీలికాంతిని మింగుతుంది. కేజీఎఫ్ గనుల్లో తరాల కూలీలు తవ్విన ఆ పసుపు ఈ సర్దుబాటు ఫలితమే.

కార్బనే ఎందుకు?

ఇక కార్బన్. దాని ఆరు ఎలక్ట్రాన్లలో రెండు 1ఎస్‌లో, రెండు 2ఎస్‌లో, రెండు 2పిలో. ఆ చివరి రెండూ హుండ్ నియమం ప్రకారం చెరో ఆర్బిటాల్‌లో. ఒక 2పి ఎలక్ట్రానును పీకడానికి 11.26 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. హైడ్రోజన్‌కు 13.60 కావాలి, ఆక్సిజన్‌కు 13.62, సగం నిండిన పి ఉపకర్పరం గల నైట్రోజన్‌కు 14.53.

ఈ నాలుగు అంకెలే కథను తేల్చేశాయి. నక్షత్రాల మధ్య ఎక్కువగా ఉండేది హైడ్రోజన్. వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతిలో 13.60 దాటిన భాగాన్ని దగ్గర్లోని హైడ్రోజనే మింగేస్తుంది. అంతకు తక్కువ శక్తి గలది మాత్రం చల్లని మబ్బుల్లోకి దూసుకుపోతుంది. అది హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను ఏమీ చేయలేదు, కార్బన్ నుంచి ఎలక్ట్రానును మాత్రం పీకేస్తుంది. ఆ హద్దుకు లోబడిన మూలకాల్లో విశ్వంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది కార్బనే. అందుకే చల్లని మబ్బుల్లో హైడ్రోజన్ తటస్థంగా ఉన్నా, కార్బన్ ఒక ఎలక్ట్రాను పోగొట్టుకుని ఉంటుంది.

అలాంటి కార్బన్ అయానుకు తిరుగాడే ఎలక్ట్రాను ఒకటి దగ్గరైతే, నేరుగా లోపలికి పడకుండా ఎక్కడో వందల మెట్ల పైన చిక్కుకుంటుంది. అంత దూరం నుంచి చూస్తే లోపలి కేంద్రకం, ఐదు ఎలక్ట్రాన్లు కలిసి ఒకే ధనావేశంగా కనిపిస్తాయి. అందుకే హైడ్రోజన్ కోసం బోర్ రాసిన సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. కేంద్రకం బరువు వల్ల వచ్చే తేడా ఒకటుంది. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర కార్బన్ గీత హైడ్రోజన్ గీతకన్నా సుమారు 17 కిలోహెర్ట్జ్ పైన పడుతుంది. ఆ జరుగుదల కార్బన్‌కు వేలిముద్ర లాంటిది.

ఖార్కివ్ నుంచి గౌరిబిదనూరు

పెద్ద మెట్ల మధ్య దూకుళ్లు రేడియో తరంగాలుగా వినిపిస్తాయని 1959లో సోవియట్ శాస్త్రవేత్త కార్దషేవ్ లెక్కగట్టాడు. 1964లో సోవియట్ శాస్త్రవేత్తలే హైడ్రోజన్ గీతలను పట్టుకున్నారు. అవి వంద మెట్ల చుట్టూ ఉన్నవి.

1980లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర కొనొవాలెంకో, సోదిన్ కాసియోపియా-ఎ అనే పేలిన నక్షత్ర శేషం వైపు 26.13 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక శోషణ గీత చూశారు. ముందు దాన్ని నైట్రోజన్‌ది అనుకున్నారు. అదే ఏడు అమెరికాలో బ్లేక్, క్రచర్, వాట్సన్ అది కార్బన్ 631వ మెట్టు గీత అని చూపారు. ఇరుగుపొరుగు మెట్ల గీతలు కూడా లెక్క ప్రకారం దొరకడంతో సందేహం తీరిపోయింది. ఇలాంటి పెద్ద పరమాణువుల మీద 1985లో నేచర్ పత్రికలో మరో వ్యాసం వచ్చింది. రాసినవారు అనంతరామయ్య, ఎరిక్సన్, వి. రాధాకృష్ణన్. రాధాకృష్ణన్ రామన్ గారి కుమారుడు. తండ్రి భగవంతంతో కలిసి ఫోటాను స్పిన్ కొలిస్తే, యాభై నాలుగేళ్లకు కొడుకు ఎలక్ట్రాను ఎక్కగల మెట్ల ఎత్తు చూశాడు.

ఆ పరంపరలోదే గౌరిబిదనూరు పని. కాంతారియా, అనంతరామయ్య మన పాలపుంతలో 32 దిక్కుల్లో 575వ మెట్టు గీత కోసం వెతికారు. తొమ్మిది దిక్కుల్లో దొరికింది. గీత చాలా బలహీనం, వెనకనుంచి వచ్చే రేడియో వెలుగులో వెయ్యో వంతు స్థాయి. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎంతోసేపు వింటూ, దగ్గరి మెట్ల గీతలను కలిపి సగటు తీస్తారు. గౌరిబిదనూరులో ఆ గీతలు శోషణగా, అంటే వెలుగులో కోతలుగా కనిపించాయి. తరవాత ఊటీ రేడియో టెలిస్కోపుతో 328 మెగాహెర్ట్జ్ దగ్గర, 272వ మెట్టుకు చూస్తే అవే మబ్బులు గీతలను ఉద్గారిస్తూ కనిపించాయి.

ఎందుకీ తేడా? 575వ మెట్టు ఎలక్ట్రాను చాలా వదులుగా ఉంటుంది. మబ్బులోని చల్లని కణాల తాకిడికి లోబడి, ఎక్కువ వేడిగా ఉన్న వెనకటి రేడియో వెలుగును మింగుతుంది. 272 దగ్గర పట్టు బిగువు. అక్కడ పై మెట్లలో లెక్కకు మించి ఎలక్ట్రాన్లు పోగవుతాయి. ఆ పోగుకు సాయం చేసేది లోపల మిగిలిన ఒంటరి 2పి ఎలక్ట్రాను. దాని స్పిన్, కక్ష్య కలిసే తీరు రెండు రకాలు కాబట్టి అయానుకు దగ్గరదగ్గరగా రెండు శక్తి స్థాయిలున్నాయి. వాటి మధ్య తేడా 158 మైక్రాన్ల కాంతికి సమానం. వచ్చే ఎలక్ట్రాను ఆ తేడాను లోపలివాడికి ఇచ్చి, తాను దూరపు మెట్టు మీద చిక్కుకుంటుంది. దీన్నిబట్టి ఆ మబ్బుల చలినీ, ఎలక్ట్రాన్ల సాంద్రతనూ లెక్కగట్టవచ్చు. ఎవరూ వెళ్లలేని చోట థర్మామీటరు పెట్టినంత పని ఇది.

ఒక్క పరమాణువులో నాలుగు సంఖ్యలూ ఎలా కలిసి పనిచేశాయో చూశారు కదా. 1, 2 సంఖ్యల లోపలి కర్పరాల అమరిక కార్బన్‌ను ఎంపిక చేసింది. హుండ్, పౌలీ నియమాలు దాని అయనీకరణ శక్తిని నిర్ణయించాయి. స్పిన్ దూరపు మెట్లను నింపింది. ఆ దూరపు మెట్టు గౌరిబిదనూరు యాంటెనాలకు వినిపించింది. గాజుగొట్టంలోని హైడ్రోజన్‌కూ, పాలపుంతలో చల్లని మబ్బుకూ ఒకటే చట్టం.

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం కాలేజీల్లో ఎలక్ట్రాన్ విన్యాసం పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. 1ఎస్, 2ఎస్, 2పి అని బోర్డు మీద రాసిన రోజున 575 కూడా రాయండి. ఆ అంకె గౌరిబిదనూరుదని, కొలిచింది మన దగ్గరేనని చెప్పండి. అలా చెబితే ఈ సీమ పిల్లలకు క్వాంటం సంఖ్యలు ఎక్కడో యూరప్‌లో పుట్టి మార్కుల కోసం వచ్చిన పట్టికలా కాకుండా, తమ పొలాల పక్కన పనిచేస్తున్న విజ్ఞానంలా అందుతాయి. నరసింహయ్య గారు పల్లెల్లో కాలేజీలు పెట్టింది అందుకే.

వచ్చే భాగంలో: 1965 నుంచి భూకంపాలనూ, దూరదేశాల భూగర్భ అణుపరీక్షలనూ వింటున్న గౌరిబిదనూరు భూకంప పరికరాల వరుస కథ.